మా యింటికి వచ్చిన మడత కెమేరా

పసిబిడ్డ మొదలు పండుముదుసలివఱకు ప్రతివారి చేతిలోను ఫోనును, ఆ ఫోనులో కెమేరాయును ఉన్న యీ కాలమున, రెండున్నర కిలోల బరువుగల పాత పెట్టెకెమేరాను గూర్చి మేము వ్రాయబూనుట మీలో గొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. మొదట మేమును నవ్వినవారమే. ఇప్పుడు నవ్వజాలము. ఏల నవ్వజాలమో చెప్పుటకే యీ వ్యాసము.

గడచిన వేసవిసెలవులలో మావారు బడినుండి ఒక నల్లని పెట్టెను సంచిలో బెట్టుకొని యింటికి తెచ్చిరి. తాలూకా పట్టణమున నెన్నియో యేండ్లు నడచిన యొక ఫోటో స్టూడియో మూతపడగా, దాని యజమాని తన పాత సామగ్రిని పాఠశాలకు సైన్సు గదికొఱకు ఇచ్చివేసెనట. పిల్లలకు చూపుటకు ముందు దాని మర్మము తాము తెలిసికొనవలెనని మావారి కోరిక. పెట్టెను మేము చేతబట్టి చూడగా, అది పోపులపెట్టెకంటె కొంచెము పెద్దదిగా, నలుచదరముగా, నల్లని తోలుతో కప్పబడి, ఏ వైపునను కన్నుగాని ముక్కుగాని లేక యుండెను. "దీనిలో కెమేరా యెక్కడ నున్న"దని మేమడిగితిమి. మావారు పైనున్న చిన్న మీటను నొక్కిరి. ముందువైపు తలుపు క్రిందికి వ్రాలి బల్లవలె నిలిచెను. లోపల ముడుచుకొనియున్న కటకమును పట్టి లాగగా, అది యా బల్లమీది పట్టాలవెంట ముందునకు వచ్చెను. దాని వెనుక కమ్మరి కొలిమితిత్తివంటి నల్లని తిత్తి మడతలు విప్పుకొని సాగెను. అంతవఱకు పెట్టెయైనది ఒక్క క్షణమున కెమేరా యయ్యెను.

ఆ సమయమున మా అత్తగారు అరుగుమీద గూర్చుండి చింతపండు ఈనెలు తీయుచుండిరి. వారామె తల్లి యనియు లెక్కచేయక, "అమ్మా! దీనితో నీ ఫోటో తీసెదను" అనిరి. ఆమె తలయెత్తకయే, "నా ఫోటో ఎందుకురా, దండ వేయడానికా?" అని మరల పనిలో బడిరి.

ఆ మాట వేళాకోళముగా తోచినను, దాని వెనుక నొక కథ కలదు. మా అత్తగారి పుట్టినిల్లు దివిసీమ. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన అచ్చట ఉప్పెన వచ్చి వేలకొలది జనులు మడసిన సంగతి మీరెఱిగినదే. అప్పటికామెకు ఇరువదేండ్లు, పెండ్లియై గుడివాడ ప్రాంతమున అత్తవారింట నుండుటచే మిగిలిరి. తల్లియు తండ్రియు ఇంటితోగూడ పోయిరి. ఆ యింటి గోడమీద తల్లి ఫోటో యొక్కటి యుండెడిదట. అదియును పోయెను. "అమ్మ గొంతు గుర్తుంది, చేతులు గుర్తున్నాయి. మొహమే రాను రాను చెరిగిపోయిందే అమ్మాయీ" అని యొకనాడు మాతో అనియుండిరి. అప్పటినుండి ఆమె తన ఫోటో తీయించుకొనుటకు ఇష్టపడరు. ఫోనులో మేము దొంగచాటుగా తీసిన కొలది ఫోటోలును క్రిందటి యేట ఆ ఫోను నూతిలో బడుటతో మాసిపోయినవి. దసరా వెళ్లినపిదప ఆమె ఖరగ్‌పూరులోని మా పెద్దబావగారి యింటికి పోవలసియున్నది. ఈలోపల ఆమె ముఖము నిలుచునట్టి ఫోటో ఒక్కటి తీయవలెనని మేమిరువురము నిశ్చయించుకొంటిమి. ఆ నిశ్చయమే మాచే ఈ యంత్రవిద్యను నేర్పించెను.

ఈ జాతి కెమేరాల చరిత్ర కొంత చెప్పుదుము. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి రోచెస్టరు నగరమున 1912వ సంవత్సరమున స్పీడ్ గ్రాఫిక్ అను మడతకెమేరా వెలువడెను. మా యింటికి వచ్చినది ఆ వంశములోనిదే. 1947లో ఆరంభమైన పేస్‌మేకర్ అను తరమునకు జెందినది. దానికే క్రౌన్ గ్రాఫిక్ అను తేలికైన చెల్లెలు కలదు. ఈ వంశపు కెమేరాలు 1973వఱకు తయారగుచు వచ్చినవి. జర్మనీలో మ్యూనిక్ నగరమున 1887లో స్థాపింపబడిన లిన్హాఫ్ సంస్థ 1930వ దశకమునందు టెక్నికా అను మఱియొక మడతకెమేరాను వెలువరించెను. స్పీడ్ గ్రాఫిక్ దేహము కొయ్యది. టెక్నికా దేహము లోహముది. మొదటిది పత్రికావిలేఖరుల చేతిలో పరుగెత్తుటకు, రెండవది నిదానముగ నిలిచి కట్టడములను, యంత్రములను, పటములను కొలిచినట్లు తీయుటకు ప్రసిద్ధికెక్కెను.

పత్రికలవారి చేతులలో స్పీడ్ గ్రాఫిక్ చూడని వింత లేదు. 1937 మే 6వ తేదీన హిండెన్‌బర్గ్ అను మహావాయునౌక మండిపోవుచుండగా సామ్ షియర్ తీసిన ఫోటోయును, 1945 ఫిబ్రవరి 23వ తేదీన ఇవో జిమా దీవిలో సైనికులు కొండమీద జెండా నెత్తుచుండగా జో రోజెంతాల్ తీసిన ఫోటోయును ఈ కెమేరాతో తీసినవే. అయితే మాకు వీరందఱికంటె ముఖ్యురాలు వేఱొకరు. హోమై వ్యారావాలా అను పార్శీ స్త్రీ 1913లో గుజరాతునందలి నవసారిలో జనించి, 1942లో ఢిల్లీ చేరి, మనదేశమున మొదటి స్త్రీ పత్రికాఛాయాగ్రాహకురాలుగా పేరొందెను. ఆమె చీరకట్టుతో, సైకిలుమీద, ఈ బరువైన కెమేరాలను మోసికొని తిరిగి, స్వాతంత్ర్యము వచ్చిన దినములలోని ఢిల్లీని మనకు చూపినది. ఆమె వాడిన కెమేరాలలో పేస్‌మేకర్ స్పీడ్ గ్రాఫిక్ ఒకటి. 2011లో పద్మవిభూషణ బిరుదము నంది, 2012లో ఆమె కాలధర్మము నందెను. "ఇంత బరువు ఆడువారు మోయగలరా" యని మమ్మడిగినవారికి ఆమె పేరు చెప్పి యూరకుంటిమి. నీళ్లబిందెను చంకనిడుకొని మెట్లెక్కువారికి ఇదియొక బరువా?

స్త్రీలకును ఫోటోకును గల సంబంధము మనకు క్రొత్తది కాదు. బాణాసురుని కూతురైన ఉషకు స్వప్నమున గనబడిన వానిని తెలిసికొనుటకు చిత్రరేఖ రాజకుమారులందఱి రూపములను వ్రాసి చూపినది గదా! హైదరాబాదులో నిజాము కొలువున ఛాయాగ్రాహకుడుగా నుండిన రాజా దీనదయాళుడు 1892లో ఘోషా స్త్రీలకొఱకు ప్రత్యేకముగా జనానా స్టూడియోను పెట్టించి, దానిని ఒక దొరసానికి అప్పగించెను. ముఖము నిలుపుకొనవలెనను కోరిక అంతఃపురములనైనను విడిచినది కాదు.

ఇక యంత్రమునకు వత్తము. ఈ కెమేరా వెనుకభాగమున గరుకుటద్దమొకటి యుండును. కటకముగుండ వచ్చిన వెలుతురు దానిపై బడి, ఎదుటి దృశ్యమును తలక్రిందుగాను, కుడియెడమలు తాఱుమాఱుగాను చూపును. నీటిలోని నీడను జూచి పైనున్న మత్స్యయంత్రమును గొట్టిన యర్జునుని కష్టము మాకు అప్పుడు తెలిసినది. కొలదిదినములకు ఆ తలక్రిందు లోకమును అలవాటగును. అంతేకాదు, మనుష్యులు తలక్రిందుగా నున్నప్పుడు వారి పేరు మఱచి, వెలుతురును నీడను మాత్రమే చూడగలుగుదుము. అది యొక మేలు. కటకమును ముందువెనుకలకు జరుపుచు, గరుకుటద్దముపై బింబము స్పష్టమగువఱకు చూచి, పిమ్మట అద్దమున్న చోటనే ఫిల్మును జొనుపవలెను. చిక్కంతయు ఇచ్చటనే. ఫిల్ము చొనిపినపిదప అద్దములో నేమియు గనబడదు. ఆలోపల కూర్చున్నవారు నాలుగంగుళములు ముందునకు వంగిరా, పడిన శ్రమయంతయు వ్యర్థము.

ఇచ్చటనే రేంజిఫైండరు, అనగా దూరమును గొలుచు సాధనము, అక్కఱకు వచ్చును. దీని సూత్రము సూదిలో దారమెక్కించు ప్రతి స్త్రీకిని తెలిసినదే. ఒక కన్ను మూసికొని దారమెక్కించి చూడుడు. సూది యెంతదూరమున నున్నదో తెలియక చేయి తడబడును. రెండుకన్నులు తెఱచినప్పుడు, ఒకే వస్తువును రెండు చోట్లనుండి చూచుటవలన దూరము మనకు బోధపడును. రేంజిఫైండరునకును రెండు కన్నులున్నవి. కెమేరా ప్రక్కను కొన్ని యంగుళముల యెడముతో రెండు చిన్న గవాక్షములుండును. ఒకదానినుండి వచ్చు బింబము సగము పారదర్శకమైన అద్దముగుండ నేరుగా మన కంటికి జేరును. రెండవదాని బింబము వేఱొక అద్దముపై బడి మరలి వచ్చి మొదటిదానితో గలియును. దూరము సరిపడనంతవఱకు ఒక మనిషికి రెండు ముఖములు కనబడును. బల్లప్రక్కనున్న మరను త్రిప్పి కటకమును జరుపుకొలది, దానితో సంధింపబడిన అద్దమును కదలి, రెండుముఖములును దగ్గఱకు వచ్చి, ఒక్కటియగును. ఒక్కటియైన క్షణముననే కటకమును సరియైన చోట నుండును. ఋతుపర్ణుడు పోవుచున్న రథమునుండి ఒక్క చూపున తాండ్రచెట్టు ఆకులను లెక్కించెనని నలోపాఖ్యానమున జదివినప్పుడు మాకు నమ్మశక్యము కాలేదు. ఈ చిన్న గవాక్షములో చూచినపిదప, లెక్కకును చూపునకును అంత దూరము లేదని తోచినది.

ఇంత శ్రద్ధ యేల యనెదరేమో. ఫిల్ము పెద్దదగుకొలది స్పష్టముగా వచ్చు మేర సన్నగిల్లును. ఈ కెమేరా ఫిల్ము 4 అంగుళముల వెడల్పును 5 అంగుళముల పొడవును గలది. 24×36 మిల్లీమీటరుల చిన్న ఫిల్ముకంటె బింబము పట్టుచోటు సుమారు 13 రెట్లధికము. అందువలననే చీర నేతలోని పోగుగూడ ఏర్పడి వచ్చును. కాని యింత పెద్ద ఫిల్మునకు తగిన కటకముయొక్క నాభ్యంతరము 127 మొదలు 150 మిల్లీమీటరుల వఱకు నుండవలెను. అట్టి కటకమును ఎఫ్ 4.7 అను సంఖ్యకు పూర్తిగా దెఱచి, ఆఱడుగుల దూరముననున్న మనిషిని తీసినచో, స్పష్టముగా వచ్చు మేర సుమారు 7 అంగుళములు మాత్రమే. ముక్కుపుడక మొదలు చెవికమ్మవఱకు పట్టును, అంతకుమించదు. కటకద్వారమును ఎఫ్ 16 వఱకు మూసినయెడల ఆ మేర రెండడుగులగును గాని, వెలుతురు తగ్గి, షట్టరు చాలసేపు తెఱచియుండవలసివచ్చును. ద్రోణుడు పరీక్షించినప్పుడు అర్జునునికి చెట్టు గాని కొమ్మ గాని కనబడక పక్షితల యొక్కటియే కనబడెను. ముఖచిత్రము తీయువారును అట్లే కన్నును మాత్రమే చూడవలెను. రెండు బింబములను కలుపుటకు మన స్త్రీల ముఖమున బొట్టును మించిన గుఱుతు లేదు. ముడుత లేని తెల్లని గోడవంటివానిపై రేంజిఫైండరు పనిచేయదు. దానికి గీతయో, అంచో, చుక్కయో కావలెను.

వాడుక క్రమమును మేము వంటగది తలుపు వెనుక కాగితముపై వ్రాసి యంటించుకొంటిమి. మొదట బల్లను దించి, కటకమును పట్టాలపైనున్న గుఱుతులవఱకు లాగి బిగింపవలెను. అద్దములోగాని రేంజిఫైండరులోగాని దూరమును సరిచేయవలెను. పిదప షట్టరును మూయవలెను. కటకద్వారమును, షట్టరు వేగమును నిర్ణయించి, షట్టరు మీటను ఎక్కుపెట్టవలెను. ఫిల్ము హోల్డరును వెనుక జొనిపి, దానిపైనున్న నల్లని పలకను తీయవలెను. అప్పుడు నొక్కవలెను. వెంటనే పలకను మరల పెట్టవలెను. పలకకు ఒక వైపు తెల్లని యంచును రెండవవైపు నల్లని యంచును ఉండును. తెలుపు బయటికున్నచో ఫిల్ము వాడనిదనియు, నలుపు బయటికున్నచో వాడినదనియు గుఱుతు. ఈ నియమము తప్పినవారు ఒకే ఫిల్ముపై ఇరువురిని తీసి, ఇరువురిని పోగొట్టుకొందురు. ఒక్కొక్క హోల్డరునకు ఇరుప్రక్కలను ఒక్కొక్కటి చొప్పున రెండే ఫిల్ము షీటులు పట్టును.

మావారి పూర్వవిద్యార్థి యొకడు విజయవాడలో ముచ్చటకొఱకు పాతపద్ధతిని ఫోటోలు తీయుచుండును. అతడు దయతో మూడు హోల్డరులు, వానిలో ఆఱు ఫిల్ము షీటులు నింపి యిచ్చెను. మొదటిదానిని మేమే చెఱచితిమి. తులసికోటను తీయబోయి, షట్టరు మూయకయే నల్లపలకను లాగితిమి. కాగితముపై వ్రాసిన మూడవ నియమమది! వ్రాసినవారమే తప్పితిమి.

మిగిలినవి అయిదు. ఒక యాదివారము ఉదయమున అత్తగారిని ఎంతో బ్రతిమాలి పెరటివసారాలో కుర్చీపై గూర్చుండబెట్టితిమి. నీడపట్టు కాన ఎఫ్ 5.6 వద్ద, సెకనులో నూఱవవంతు వేగమున, మావారు రేంజిఫైండరులో బొట్టును బొట్టుతో గలిపి మూడు ఫోటోలు తీసిరి. ఆ రాత్రి వానిని కడిగి వెలుతురునకు బట్టి చూచితిమి. ఏమి చెప్పుదుము! పెరటి చివర నలువదడుగుల దూరముననున్న కొబ్బరిచెట్టు మట్టలోని యాకులు ఒక్కొక్కటి లెక్కింపదగినట్లుండెను. అత్తగారి ముఖము మాత్రము పొగవలె నుండెను. ఋతుపర్ణుని విద్య మాకు పట్టుబడినది గాని, కావలసినచోట గాదు. అత్తగారు ఆ ఫిల్మును చేతబట్టి చూచి, "అందరి మొహాలూ ఇలాగే చెరిగిపోతాయి, పోనిద్దూ" అని నవ్విరి. ఆ నవ్వు మాకు కంటకమయ్యెను. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

మఱునాడు కారణము వెదకితిమి. కటకపు అంచున చెక్కిన సంఖ్యను భూతద్దముతో జదువగా 135 మిల్లీమీటరులని యుండెను. కెమేరాతో వచ్చిన కటకము 127 మిల్లీమీటరులదట. ఎవరో యెప్పుడో దానిని మార్చి, రేంజిఫైండరును మాత్రము మార్పక విడిచిరి. ఎనిమిది మిల్లీమీటరుల భేదము! అల్లుడు మాఱినను పాత అల్లునికి కుట్టిన చొక్కాయే తొడిగినట్లైనది. రేంజిఫైండరు పాత కటకమును నమ్మి ఆఱడుగులనుచుండగా, క్రొత్త కటకము నలువదడుగుల దూరమును చూచుచుండెను. సోదరీమణులారా, పాత కెమేరాను సంపాదించువారు గుఱుతుంచుకొనవలసిన ముఖ్యవిషయమిదియే. గరుకుటద్దము అబద్ధమాడదు, ఫిల్మున్న చోటనే అదియు నుండును గనుక. రేంజిఫైండరు కటకమును నమ్మి చెప్పునది మాత్రమే. కాన మొదటి ఫిల్మును వాడుటకు ముందే యొకదానితో నొకటి సరిచూడవలెను. లిన్హాఫ్ వారి కెమేరాలలో ప్రతికటకమునకును దానికై అరగదీసిన క్యామ్ అను లోహపు ముక్క వేఱుగా నుండును. మా కెమేరా ప్రక్కనున్న క్యాలర్ట్ రేంజిఫైండరును మాత్రము కొలదిభేదముగల కటకములకు మరలు త్రిప్పి సరిపఱచుకొనవచ్చును.

ఆ పని యెట్లు చేసితిమనగా: డాబామీది కెక్కి, మైలు దూరమున గనబడు నీళ్లట్యాంకును గరుకుటద్దముపై స్పష్టముగా నిలిపి, కటకము నిలిచిన ఆ చోటికే పట్టాలమీది గుఱుతు మరలను జరిపి బిగించితిమి. తరువాత రేంజిఫైండరులో ఆ ట్యాంకు ఒక్కటిగా గనబడువఱకు దాని మరలను సవరించితిమి. పిమ్మట క్రిందికి దిగి, కొలబద్దతో ఆఱడుగులు కొలిచి, గోడకంటించిన క్యాలెండరుపై మరల సరిచూచితిమి. దగ్గఱ సరిపడిన దూరము తప్పును. దూరము సరిపడిన దగ్గఱ తప్పును. రెంటిని రాజీచేయుటకు మూడుదినములు పట్టెను. అత్తాకోడండ్రను రాజీచేయుట యింతకంటె సులభమని మావారనిరి. ఆ మాటను మేము వినలేదనుకొంటిమి.

మిగిలిన ఫిల్ములు రెండు. అత్తగారి ప్రయాణమునకు వారము గడువు. మొదటిదానిని జాగ్రత్తకే విడిచితిమి. ముక్కాలిపీటపై కెమేరాను నిలిపి, గరుకుటద్దములో చూచి, కటకద్వారమును ఎఫ్ 16 వఱకు మూసి, సెకనులో పదవవంతు కాలము అత్తగారిని కదలక కూర్చుండుమని తీసితిమి. ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. తప్పు ఏదియు లేదు. అయినను షట్టరు చప్పుడైనప్పుడే మాకు తెలిసినది: అది ఆమె కాదు, ఆమె ప్రతిమ.

ఒక్కటి మిగిలినది. ఆనాటి సాయంకాలము అత్తగారు వసారా గట్టుమీద గూర్చుండి కనకాంబరములు మాల గట్టుచుండిరి. మా చిన్నవాడు ప్రక్కను జేరి, బడిలో తమ పంతులుగారు తుమ్మిన వైనమును నటించి చూపుచుండెను. ఆ పంతులుగారు మావారే. మావారు ముక్కాలిపీట లేకయే కెమేరా తోలుపట్టెలో ఎడమచేయి దూర్చి యెత్తిపట్టి, కుడిచేత మరను త్రిప్పుచు రేంజిఫైండరులో కన్నుంచిరి. ఆమె ముందునకు వంగిన కొలది మరయు తిరిగెను. వెనుకకు వ్రాలినకొలది మరలి వచ్చెను. ఫిల్మును చొనిపినపిదపకూడ, నొక్కు చివరిక్షణమువఱకు దూరమును వెంబడింపగలుగుటయే ఈ సాధనముయొక్క ప్రయోజనము. గరుకుటద్దమునకు ఆ భాగ్యము లేదు. రెండుబొట్లు ఒక్కటియయ్యెను. వారు కన్నును పైనున్న చూపుగాజునకు మార్చి, దగ్గఱివారిని తీయునప్పుడు తల తెగకుండ కొంచెము పైకెత్తి, నొక్కిరి. అత్తగారు ఆ చప్పుడునకు నవ్వాపి, "అయిపోయిందా? నేను సర్దుకోనేలేదే!" అనిరి.

ఫిల్మును ఇంటనే కడుగవచ్చును. స్నానపుగది కిటికీకి దుప్పటి గట్టి, రాత్రివేళ చిమ్మచీకటిలో, మూడు ప్లాస్టికు పళ్లెములలో పని జరుపవలెను. మొదటిదానిలో డెవలపరు, రెండవదానిలో పలుచని వెనిగరు నీరు, మూడవదానిలో హైపో. డెవలపరు 20 డిగ్రీల చల్లదనమున నుండవలెను. మన కొళాయినీరు అంతకంటె మిక్కిలి వెచ్చన గాన, పెద్ద బేసినులో మంచుముక్కలు వైచి, పళ్లెమును దానిలో నుంచితిమి. ఫిల్మునకు ఎఱ్ఱదీపమైనను పనికిరాదు. కాగితముపై అచ్చువేయునప్పుడు మాత్రము ఎఱ్ఱదీపము వెలిగించుకొనవచ్చును. ఆ పళ్లెములను, గరిటెలను మరల వంటకు తాకింపరాదు. వానిని వేఱుగా పెట్టి, పిల్లల కందకుండ దాచవలెను. ఫిల్ము పెద్దదగుటవలన కలుగు లాభమొకటి ఇచ్చట చెప్పదగును. పెద్దదిగా చేయు యంత్రము అక్కఱలేదు. కాగితముపై ఫిల్మునుంచి, గాజుపలకతో నొత్తి, కొన్ని సెకనులు దీపము వెలిగించిన చాలును. అఱచేయియంత ఫోటో వచ్చును. చీకటిలో తెల్లని కాగితముపై ముఖము మెల్లమెల్లగా తేలివచ్చుట చూచిన స్త్రీ ఆ రాత్రిని మఱవదు.

కెమేరాను కాపాడుటయు మన యింటిపనులవంటిదే. మూయునప్పుడు కటకమును నడిమికి తెచ్చి, పూర్తిగా వెనుకకు త్రోసి, అటుపిమ్మటనే తలుపు మూయవలెను. త్వరపడినచో తిత్తి మడతలు నలిగి చినుగును. నెల కొకమాఱు చీకటిగదిలో తిత్తిలోనికి దీపము చూపి, వెలుపల చుక్కలవలె వెలుతురు కనబడునేమో చూడవలెను. కనబడినచోట నల్లని పలుచని గుడ్డను జిగురుతో అతికిన చాలును. వర్షకాలమున తోలుసంచిలో నుంచరాదు. తోలునకు బూజును, కటకమునకు శిలీంధ్రమును పట్టును. తేమను పీల్చు సిలికాజెల్ పొట్లములతో గాలి చొరని డబ్బాలో నుంచవలెను.

ఇది అందఱును కొనదగిన వస్తువని మేము చెప్పము. ఫిల్ము విదేశములనుండి రావలసియున్నది. ఉదకమండలమునందలి మన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారము మూతపడినది. ఒక్కొక్క ఫోటోకును ఖర్చును శ్రమయును అధికము. పత్రికలవారే దీనిని విడిచి చిన్నకెమేరాలకు మఱలిరి. పరుగెత్తు పిల్లలను తీయుటకు ఫోనే మేలు. ఉప్పెన వచ్చినచో గోడమీది ఫోటోయును, పెట్టెలోని ఫిల్మును, నూతిలో బడిన ఫోనును ఒక్కటియే. కాన మేము ఫిల్మును ఒకయింట, ఫోటోను వేఱొకయింట నుంచితిమి. పాతదో క్రొత్తదో, మీ యింట నే కెమేరా యున్నను, ఈ యొక్క నియమమును పాటింపుడు.

అత్తగారి ప్రయాణమునకు ముందునాడు ఆ కడపటి ఫోటో ఆమె చేతిలో నుంచితిమి. ఆమె కండ్లజోడు పెట్టుకొని, కిటికీదగ్గఱకు బోయి చాలసేపు చూచిరి. కనకాంబరముల దారము, వ్రేళ్ల ముడుతలు, నవ్వుచు సగము మూసిన కన్నులు, అన్నియు నందుండెను. "బాగుందా అత్తయ్యా" యని మేమడిగితిమి. ఆమె బదులు చెప్పలేదు. కొంతసేపటికి, "అమ్మ కూడా నవ్వితే ఇలాగే కళ్లు మూసుకునేది. ఇప్పుడు గుర్తొచ్చిందే" అనిరి.

ఫోటో వెనుక పేరును, ఊరును, సంవత్సరమును వ్రాయవలెనని మావారు కలము తెచ్చిరి. అత్తగారు తన పేరు వ్రాయనిచ్చి, "దాని క్రింద మా అమ్మ పేరు కూడా వ్రాయి" అనిరి. మేము కలము పట్టుకొని నిలిచిపోతిమి. ఈ యింటికి కోడలుగా వచ్చి పదునాలుగేండ్లు గడచినవి. ఆమె పేరు మేమంతవఱకు అడిగియే యుండలేదు. అడిగి, తెలిసికొని, వ్రాసితిమి.